పేరు కొట్టేసిన పత్రం

మార్చి 3
ఈ డైరీని ఎప్పుడైనా తవ్వి తీయబోయే భావి తరాల వారికి సాష్టాంగ క్షమాపణలు. ఇందులో నా చేతిరాత ఉంది, నా అభిప్రాయాలు ఉన్నాయి, రెండూ ఆరోగ్యానికి మంచివి కావు. ముఖ్యంగా మా మీడియా, సాంస్కృతిక అధ్యయనాల సంఘం మీద నేను వేయబోయే జోకులకు మోకాళ్ల మీద నిలబడి మన్నింపు కోరుతున్నాను. ప్రింటింగ్ ప్రెస్ పైన రెండు గదులు, ఒక బీరువా, మూలిగే ఫ్యాను, ముప్పై ఏళ్లుగా ఒకే సెక్రటరీ మేడమ్. అదీ సంఘం. పోస్టర్ల మీదా సీరియళ్ల మీదా రిసెర్చ్ అంటే మిగతా డిపార్ట్‌మెంట్లు పళ్లికిలిస్తాయి. మా మాట నవ్వకుండా వినేవి ఆ రెండు గదులే.

మార్చి 5, మధ్యాహ్నం 3
సంఘం సదస్సులో పత్రం చదవడానికి కుర్రకారుకు ఒకే ఒక్క స్లాట్. నేనూ అప్లై చేశాను. ఎవరిదో తెలియకుండా తూచాలని, పత్రాల మీద పేర్లు కొట్టేసి పెద్దలకు పంపుతారు. మా గైడు సార్ తనకొచ్చిన నాలుగింటినీ నా ఒళ్లో పడేశారు. చదివి ఫారాలు నింపు, సంతకం నేను పెడతా అన్నారు. నువ్వూ పోటీలో ఉన్నావా అని ఆయన అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మార్చి 6
మూడింటికి "పర్వాలేదు" అని రాశాను. నాలుగోది లోకల్ కేబుల్ చానెల్లో బొమ్మ కింద పాకే ప్రకటనల మీద. అద్దెకు గది, అమ్మకానికి కుట్టు మిషన్, తప్పిపోయిన కుక్కపిల్ల. వాటిని టైపు చేసే ఆడవాళ్ల గురించి. దానికి నా తీర్పు: "ఈ లెక్కన బస్సు టికెట్ వెనక రాసుకున్న ఫోన్ నంబరుకూ పిహెచ్‌డీ ఇవ్వాలి. తిరస్కరించవచ్చు."
సార్ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. సంతకం పెట్టారు.

మార్చి 12
స్లాట్ నాదే.

మార్చి 14, సాయంత్రం
సీనియర్ అక్క లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంది. నేను చేరిన కొత్తలో నా మొదటి పేపర్‌ని మూడుసార్లు దిద్దిన మనిషి. ఆ నాలుగో పత్రం ఆవిడదట. వాళ్లమ్మ ఇరవై ఏళ్లుగా కేబుల్ ఆఫీసులో ఆ ప్రకటనలు టైపు చేస్తోందట. నవ్వుతారని టాపిక్ మార్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. సీరియళ్ల మీదే చేస్తోందని అందరి లెక్క. నెలాఖరుకు అక్క పిహెచ్‌డీ గడువు అయిపోతుంది. పత్రం తీసుకున్నామని సంఘం ఉత్తరమిస్తే యూనివర్సిటీ ఇంకో ఏడాది ఇస్తుంది. లేకపోతే అయిదేళ్ల పని అటకెక్కుతుంది.
నా వాక్యాన్ని నాకే చదివి వినిపించింది.
"రాసినోడెవడో గానీ చమత్కారం ఉందిరా. ముందు నాకూ నవ్వొచ్చింది. అమ్మకి మాత్రం చూపించలేదు."
నేను వంగి షూ లేసు కట్టుకున్నాను. కాళ్లకున్నవి చెప్పులు.

మార్చి 15, 16, 17
కడుపు నొప్పి అని అందరికీ చెప్పాను.

మార్చి 18, ఉదయం 11
ప్రెస్ పక్క మెట్లెక్కి మేడమ్‌కి చెప్పేశాను. ఆ ఫారం సార్ రాయలేదు, నేను రాశాను, అదీ పోటీలో ఉండి. తిడతారనుకున్నాను. ఆవిడ బీరువాలోంచి పాత ఫైలొకటి తీసి నా ముందు పెట్టారు. సంఘం లేని రోజుల్లో మేడమ్ వాళ్ల పత్రాలు తిప్పి పంపుతూ వచ్చిన ఉత్తరాలు. మూడో దాంట్లో దాదాపు నా జోకే ఉంది. అందులో టికెట్ బదులు అగ్గిపెట్టె.
"ఇవి వినలేకే ఈ గదులు తీసుకున్నాం బాబూ. ఇప్పుడు అలాంటిదే ఇక్కడి నుంచి పంపాం."
పత్రాన్ని మరో ఇద్దరికి పంపుతామన్నారు. ఇక మీదట సార్‌కి ఏవీ పంపరట.

మార్చి 29
అక్క పత్రం తీసుకున్నారు. నా స్లాట్ ఆవిడకే. ఉత్తరం యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చేసి నేరుగా నా దగ్గరికే వచ్చింది. మేడమ్ అంతా చెప్పారట. నెత్తిన ఒక్కటి మొట్టి, ఒప్పుకోవడానికి గుండె కావాలంది.
"నాదని తెలిస్తే రాసేవాడివా ఏంటి. పోనీలేరా."

మార్చి 30
తెలుసు. ఆ పత్రం రెండో పేజీలో ఒక ప్రకటన ఉంది: "కుక్కపిల్ల దొరికితే చెప్పండి, పాప అన్నం తినడం లేదు." మా అమ్మ టైపు చేసిందిరా అని కిందటేడు టీ తాగుతూ అక్క నాకు చెప్పింది. అది చదివాకే ఫారం నింపాను.