ఆ పావు చుట్టు నాది

విశాఖపట్నం, పాత టౌను
14-8-1983

బేటా నజీర్‌కి మీ అబ్బా సలాం, దువా.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నువ్వు కూడా జబల్‌పూర్‌లో వేళకింత తిని కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాం. మీ అమ్మీకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. హమీదాని ఎలమంచిలి నుంచి పురిటికి తీసుకొచ్చాం, ఏడో నెల వెళ్తోంది. అల్లుడు ఆదివారం ఆదివారం రైలెక్కి వచ్చి చూసిపోతున్నాడు. వచ్చినప్పుడల్లా మన షెడ్డులో కూర్చుని ఇంజన్ల గురించి నాకు పాఠం చెబుతాడు. బట్టల కొట్టువాడు కదా, అల్లుడు కదా అని వింటున్నాను.

నీ ఉత్తరం గురువారం అందింది. మీ అమ్మీ నా చేత మూడుసార్లు చదివించుకుంది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. షెడ్డు మీద రేకులు మార్పించాను, ఈ వానలకి చుక్క కారలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను, అద్దాలు రాశాడు. అవి పెట్టుకున్నాక తెలిసింది మన షెడ్డు ఇన్నాళ్ళూ ఎంత మురికిగా ఉండేదో! రెండు రోజులు కడిగించాను.

ఇక కాలు తీసినా ఇంజను ఆగకుండా తిరిగే ఆ జీపు స్లో స్పీడు సంగతి. దాన్ని మీటరు పెట్టే పట్టాలని మీ హవల్దారు అన్నాడనీ, మా నాన్న చెవితో పడతాడని నువ్వంటే అందరూ నవ్వారనీ రాశావు. నవ్వనీ. మీటరు చెడ్డదని నేనూ అనను. కానీ ముప్పై ఏళ్ళుగా నేను పట్టిన స్లో మీద ఈ ఊరి జీపులు నడుస్తున్నాయి, ఆ మాట వాళ్ళకి చెప్పు. ముందు ఇంజను బాగా వేడెక్కాలి. చల్లటి ఇంజనుకి స్లో పట్టేవాడు పడుకున్నవాడికి చొక్కా కొలతలు తీసే దర్జీ లాంటివాడు. తర్వాత స్లో స్క్రూ బిగించి కొంచెం స్పీడు పెంచుకోవాలి. గాలి స్క్రూని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట ఇంజను తడబడుతుంది, అక్కణ్ణుంచి వెనక్కి వస్తే నున్నగా పలుకుతుంది. అక్కడ ఆగి, మళ్ళీ స్లో స్క్రూ వదులు చేస్తూ స్పీడు దించుకోవాలి. ఎంత దించాలన్నది బండి వయసునిబట్టి ఉంటుంది. ఇదంతా నీకు తెలుసు. పన్నెండేళ్ళకే తెలుసు. నాకు రాయాలని ఉంది కాబట్టి రాశాను.

ఉత్తరం చివర నువ్వు రాసిన నాలుగు వాక్యాలు మాత్రం మీ అమ్మీకి చదవలేదు, మింగేశాను. ఇరవై ఎనిమిదిన మెకానిక్ పరీక్ష ఉందన్నావు. దానికి కూర్చోననీ, స్టోర్సులోకి మార్చమని అర్జీ పెడతాననీ రాశావు. "నా చేతిలో ఇంజను నిలబడదని మీరే అన్నారు కదా" అన్నావు. అవును, అన్నాను. నలుగురిలో నీ చెంప మీద కొట్టి మరీ అన్నాను. ఆ సంగతే ఇప్పుడు రాయాలి. ఇందాకటి నుంచీ రేకులనీ కళ్ళద్దాలనీ కాలయాపన చేస్తున్నది అందుకే.

స్టీలు ప్లాంటు పనుల్లో ఉన్న ఇంజనీరు భీమశంకరరావు గారి పెట్రోలు జీపు నీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళ కిందట దాని కార్బొరేటరు విప్పి కడిగి స్లో పట్టింది నువ్వే. స్క్రూ గాడికి ఎదురుగా హమీదా గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టుకున్నావు. "అబ్బా, ఇంజను పాతది, ఇంతకన్నా దించితే ఎండలో నిలబడదు" అని కూడా చెప్పావు. నేను విన్నాను, బుర్రకి ఎక్కించుకోలేదు. మన షెడ్డు పద్ధతి తెలుసుగా, ఎవరు చేసిన బండికైనా బయటికెళ్ళే ముందు చివరిగా మేస్త్రీ చెయ్యి పడాలి. మా ఉస్తాదు అలాగే చేసేవాడు, నేనూ అలాగే చేశాను. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావు. నేను బిస్మిల్లా అని స్క్రూని పావు చుట్టు వదులు చేశాను. శబ్దం మెత్తబడింది. నాకు ముచ్చటేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెందుర్తి గేటు దగ్గర ఎడ్లబండి అడ్డొచ్చి డ్రైవరు సూరన్న యాక్సిలేటరు మీంచి కాలు తీస్తే, జీపు పట్టాల మీదే ఆగిపోయింది. ఎంత స్టార్టు చేసినా అందుకోలేదు. సూరన్నా ఇంజనీరు గారూ దిగి తోశారు. అయిదు నిమిషాల తర్వాత రైలు వెళ్ళింది. ఆయన సరాసరి షెడ్డుకొచ్చి కేకలేశారు. నేను వెనకాముందూ చూడకుండా నిన్ను కొట్టి ఆ మాట అన్నాను.

నువ్వు వెళ్ళిపోయాక బానెట్ ఎత్తాను బేటా. నీ చుక్క ఒకచోట, గాడి ఒకచోట. మధ్యలో ఉన్న పావు చుట్టు నాది. థిన్నరు గుడ్డతో నీ చుక్క తుడిచేశాను. గాడిని నువ్వు ఉంచిన చోటికే తిప్పి బండి పంపించేశాను. నెల తిరక్కుండా నువ్వు మిలిటరీలో చేరావు. స్టేషన్లో రైలు కదిలేదాకా చెబుదామనే నిలబడ్డాను. నోరు రాలేదు. మేస్త్రీ తప్పు చేశాడంటే షెడ్డు పరువేం కానని అనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పరువు అది!

ఇంతకాలం వేరే చోట బాగుచేయించుకున్న ఇంజనీరు గారు నిన్న శనివారం మళ్ళీ మన షెడ్డుకే వచ్చారు. అదే జీపు, అదే సూరన్న. కార్బొరేటరు కడిగాను. ఎండలో అరగంట నడిపించి, వేడి మీద చెవి పెట్టి స్లో పట్టాను. అద్దాలు సవరించుకుని చూద్దును కదా, నేను తుడిచేసిన నీ చుక్క కార్బొరేటరు మీది చిన్న గుంటలో రవ్వంత ఎరుపు మిగిలి ఉంది, స్క్రూ గాడి సరిగ్గా దానికెదురుగా నిలబడింది. ముప్పై ఏళ్ళ చెవి ఎక్కడికి చేరిందో, పద్దెనిమిదేళ్ళప్పుడు నువ్వు అక్కడికే చేరావు.

"సివర్న నీ సెయ్యి ఎయ్యవేటి బావా?" అని సూరన్న అడిగాడు. నేను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. నిన్ను కొట్టినరోజు చూసినవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళని కూడా పిలిచి, అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను.

సూరన్న నెత్తి గోక్కుని, "నాకు ఆ దినమే అనుమానం వొచ్చింది బావా. నువ్వు తిప్పేక సప్పుడు మారిపోనాది. మేస్త్రీవి గదా, నానేటి సెప్తానని ఊరుకున్నాను" అన్నాడు.

ఇంజనీరు గారు జేబులోంచి కలం తీశారు. "ఆ కుర్రాణ్ణి నేనూ నానా మాటలూ అన్నానండీ భాయ్ గారూ. అడ్రసివ్వండి, నేనే ఓ కార్డు ముక్క రాస్తాను" అన్నారు. ఇచ్చాను. ఆ కార్డు జాగ్రత్తగా దాచుకో.

రాత్రి అన్నాల దగ్గర మీ అమ్మీకి చెప్పాను. నువ్వు రాసిన ఆ నాలుగు వాక్యాలూ చదివాను. ఆవిడ కంచం పక్కకి జరిపి, "నాకెందుకు చెబుతున్నారు? దెబ్బ తిన్నవాడికి చెప్పండి" అంది. హమీదా కాయితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

కాబట్టి స్టోర్సు అర్జీ చింపెయ్యి. ఇరవై ఎనిమిదిన పరీక్షకి కూర్చో. మీటరు ఇస్తే మీటరుతో పట్టు, ఇవ్వకపోతే చెవితో పట్టు. నువ్వు పట్టాక ఎంత పెద్దవాడు వచ్చి తిప్పబోయినా చెయ్యి అడ్డం పెట్టి, సరిగ్గానే ఉందని చెప్పు. అలా వచ్చినవాడు నేనైనా సరే. పనిలో నాకంటే మిన్న అయిన కొడుకుని కన్నానని శనివారం పాత టౌనంతా వినేలా చెప్పుకున్నాను. నీతో చెప్పడానికే రెండేళ్ళు పట్టింది. నన్ను మాఫ్ చెయ్యి బేటా.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడుతున్న మీ అబ్బా
గులాం మొహమ్మద్