నొప్పి తెలియని చోటు

జూన్ 9, ఆదివారం మధ్యాహ్నం

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు చేసే నమస్కారాలు. మీ మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయని, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఆ మాట రాయడానికి మొన్నటిదాకా చెయ్యి రాలేదు, అందుకే ఇన్నాళ్ళూ మీకు ఉత్తరం లేదు. ఫోను చేద్దామంటే మీకు సగం వినపడదు, మిగతా సగం వీధి వీధంతా వినపడుతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ తమ్ముడు లోపల నిద్రపోతున్నారు.

ఆయన షుగరు సంగతి మీకు తెలుసు. మాత్రలతో ఆగక రెండేళ్ళ కిందట ఇన్సులిన్ కూడా మొదలుపెట్టారు. పొద్దునా సాయంత్రం నేనే వేస్తాను. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, సూది నాకు కొత్తా? మా ఆవిడ వేస్తే వేసినట్టే తెలియదని ఆయన తను పనిచేసే బేకరీలో అందరికీ చెప్పుకునేవారు. అలాంటిది ఏడాదిగా ఏం మాయరోగమో, మందు పెంచేకొద్దీ షుగరూ పెరుగుతూ వచ్చింది. పరగడుపునే రెండువందల యాభై, తిన్నాక మూడువందలు దాటేది. డాక్టరు మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. ఇంకోసారి పెంచుతూ, సూది ఎక్కడెక్కడ వేసుకుంటున్నారని ఆయన్ని అడగబోయారు. వేసేది నేనండీ, నా చేతి గురించి బెంగ పెట్టుకోకండి, ముందు ఈయన నోటి సంగతి చూడండి అన్నాను. డాక్టరు నవ్వి, ఏం తింటున్నారని ఆయన వైపు తిరిగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన ముద్దాయి.

మీరే చెప్పండి, పొద్దస్తమానం కేకుల మీద క్రీముతో పూలు వేసే మనిషిని ఎవరు నమ్ముతారు? వేలికి అంటిన క్రీము నాలుకకు అంటదా? తినడం లేదే అని ఆయన, మరి రక్తం అబద్ధం చెబుతుందా అని నేను. పంచదార డబ్బా నా కుట్టుమిషను సొరుగులోకి వెళ్ళిపోయింది. ఆయన తిండి కొలిచి పెట్టాను. చొక్కా విప్పగానే జేబులు వాసన చూసేదాన్ని. చివరికి సిగ్గు విడిచి, బేకరీ యజమాని భార్యను ఓ కన్నేసి ఉంచమని బతిమాలాను. మీ ఆయన క్రీము రుచి కూడా పక్కవాళ్ళ చేతే చూపిస్తున్నారమ్మా అంది ఆవిడ. వెనకేసుకొస్తోంది అనుకున్నాను.

ఏప్రిల్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎడమ కంటి లోపల రక్తం చెమ్మ ఉందని తేలింది. లేజరు పెట్టారు. షుగరు దిగకపోతే ఈ కన్నే కాదు, రెండోదీ దక్కదని మొహం మీదే చెప్పారు. ఆ వారమే పెళ్ళికేకు మీద ఒక పువ్వు పడాల్సిన చోట రెండు పడ్డాయట. యజమాని ఏమీ అనకుండా తనే గీకి తీసేశారట. మీ తమ్ముడు ఇంటికొచ్చి, ఒక కన్ను చేత్తో మూసుకుని గోడ మీది క్యాలెండరు గళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు జాలి వేయాల్సింది వదినా, ఒళ్ళు మండింది. చూపు పోతున్నా నోరు కట్టుకోలేరా అని అరిచాను. దొంగ అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఒప్పుకోవడానికి మొహం లేక అనుకున్నాను.

పోయిన నెల బడి యూనిఫారాలు అప్పగించే పని మీద నేను రెండు రోజులు పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. కింద వాటాలో ఉండి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మకు సూది పని ఒప్పజెప్పి వెళ్ళాను. రెండో రోజు బేకరీ నుంచి ఫోను, మీ ఆయన పడిపోయారని. చొక్కా చెమటతో తడిసి ముద్దయిందట. చేతిలో పూలు వేసే క్రీము సంచి వణుకుతూ ఉంటే, ఇరవై ఏళ్ళుగా జీతమిస్తున్న యజమానిని పట్టుకుని నువ్వెవరని అడిగారట. బస్సులో నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. షుగరు నలభైకి దిగిపోయిందన్నారు. ఇన్నాళ్ళూ పెరుగుతోందని ఏడ్చాం, ఇప్పుడు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చింది.

మర్నాడు తేరుకున్నాక, ఇదేమిటని నిలదీశాను. మీ తమ్ముడు గోడ వైపు చూస్తూ ఒప్పుకున్నారు. తింటున్న మాట నిజమేనే, నువ్వు ఊళ్ళో లేవు కదా, భయం పట్టుకుని ఆ రెండు రోజులూ మానేశాను, మందేమో తినేదానికి సరిపడా పెంచి ఉంది, అందుకే పడిపోయాను అన్నారు. అంతా అతికినట్టు సరిపోయింది. నాకు ఏడుపూ వచ్చింది, నెగ్గానన్న పొగరూ వచ్చింది.

ఇక మీ పొట్ట మీద నేను సూది పట్టనని చెప్పేశాను. అప్పటి నుంచి నర్సమ్మే వచ్చి వేస్తోంది. డాక్టరు మోతాదు బాగా తగ్గించారు. అయినా షుగరు దిగింది వదినా, పరగడుపున నూట ముప్పై. ఇలాగే ఉంటే చూపు నిలుస్తుందని కంటి డాక్టరు కూడా అన్నారు. నోరు కట్టుకుంటే ఎంతలో దారికొచ్చిందో చూశారా. మీరొకసారి వచ్చి మీ తమ్ముడికి నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళండి, మీరంటేనే ఆయనకు భయం. నేనైతే ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఏడాదిపాటు నా కళ్ళలోకి చూసి అబద్ధమాడిన మనిషితో ఏం మాట్లాడను?

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. కవరు అంటించబోతుంటే నర్సమ్మ వచ్చింది. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది, ఇంకాసేపట్లో బయల్దేరుతోంది. ఆయన నిద్రపోతున్నారా అని లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. చెప్పనని ఆయనకు మాటిచ్చానమ్మా, కానీ చెప్పకపోతే మీరు మళ్ళీ అక్కడే వేస్తారు అంది.

రెండేళ్ళుగా నేను సూది వేసిన చోట, బొడ్డుకు కుడిపక్కన, చర్మం కింద గడ్డ కట్టిందట. ఒకే చోట వేస్తూ ఉంటే అలా అవుతుందట. అక్కడ నొప్పి తెలియదు, వేసిన మందూ సరిగా రక్తంలోకి వెళ్ళదు. ఆ సంగతి తెలియక నర్సమ్మ ఎడమపక్కన వేసింది. పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంటికి పట్టేసింది. అందుకు పడిపోయారు. ఆసుపత్రిలో నేను దగ్గర లేనప్పుడు డాక్టరు ఇది చెప్పగానే, మీ తమ్ముడు పక్కనే ఉన్న నర్సమ్మను బతిమాలారట. మా ఆవిడకు తెలియనివ్వకండి, తెలిస్తే దాని చెయ్యి ఇక సూది పట్టలేదు, కుట్టుపని దానికి ప్రాణం, నేను తిన్నానంటే తిట్టి ఊరుకుంటుంది అన్నారట.

వెళ్ళి, చొక్కా కొంచెం పైకి తీసి, వేలు పెట్టి చూశాను. నిజమే, ఉంది. మొదట్లో నాలుగైదు చోట్ల వేసి చూసి, ఆయన ఉలిక్కిపడని చోటని నేనే ఏరి పెట్టుకున్న చోటు అది. ఆయన ఏనాడూ క్రీము ముట్టలేదు వదినా.

పైన రాసింది కొట్టేయడం లేదు, దొంగ అన్నది నేనే కనుక మీకూ తెలియాలి. ఈ సాయంత్రం నుంచి సూది మళ్ళీ నాదే. కొత్త చోట వేయాలి, నొప్పి పుడుతుంది. నాకు తెలిసిపోయిందని ఆయనకు ఇంకా చెప్పలేదు. సూది దించి మందు ఎక్కిస్తూ ఉండగా చెబుతాను. అప్పుడైతే లేచి వెళ్ళడానికి ఉండదు, నేను చెప్పేది పూర్తిగా వినాల్సిందే.