పురుగుల చదువుకు రెండేళ్ళ ఉద్యోగం

అక్కా, నేను కులాసా. ఇక దిగులు మానెయ్.

ఉద్యోగం దొరికింది, రెండేళ్ళకే. వ్యవసాయంవాళ్ళూ జంతుశాస్త్రంవాళ్ళూ పొమ్మన్నాక, నా పురుగుల చదువు చివరికి చరిత్ర శాఖవాళ్ళకి పనికొచ్చింది. పాత పుస్తకాన్ని ఏ పురుగు తిన్నదో తెలిస్తే ఆ పుస్తకం ఏయే ప్రాంతాలు తిరిగొచ్చిందో చెప్పొచ్చట. ఇంటర్వ్యూలో ప్రొఫెసరుగారు అలాంటి పుస్తకం తెరవగానే బతికున్న పురుగొకటి బయటికొచ్చింది. ఆయన నలపబోతే "ఆగండి!" అని అరిచి చెయ్యి పట్టేసుకున్నాను. ఇంకేం ఉద్యోగం అనుకున్నాను. ఆయన పురుగునీ నన్నూ మార్చి మార్చి చూసి, "సోమవారం వచ్చి చేరమ్మా, దాన్నీ తీసుకురా" అన్నారు. అదిప్పుడు నా కళ్ళజోడు పెట్టెలో ఉంది.

పర్మనెంటా అని మీ అత్తగారు అడిగితే రెండేళ్ళేనని చెప్పు, దాచకు. పుస్తకాల గది మహా చల్లగా ఉంటుంది, నా శాలువా పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు. అటక మీది నాన్న పుస్తకాలు పాత పేపర్లవాడికి వెయ్యకు, ఎండలోనూ పెట్టకు. పురుగులతో సహా నాకు కావాలి.

ఈ చదువు కూడు పెడుతుందా అని నవ్విన బావగారికి నమస్కారాలు. పుస్తకాలు తిన్న పురుగులే నాకు అన్నం పెడుతున్నాయని చెప్పు.

నీ చెల్లెలు