ఎడమ కార్నర్‌లో నిలబడ్డ అన్నకు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ జట్టువాళ్లు నీ పేరున పెట్టిన కబడ్డీ పోటీలకు ముందు పాస్టరుగా నన్ను ప్రార్థన చేయమంటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చాను, అదీ ఆదివారం. ఇరవై రెండేళ్లు నువ్వు ఎడమ కార్నర్‌లో నిలబడి, కూతకొచ్చినవాళ్ల చీలమండలు పట్టావు. ఆదివారం ఆట పాపమని మందిరంలో నీ పేరు పెట్టి అరిచాను నేను. నీ ఆట ఒక్కటీ చూడలేదు.

తల నెరిసిన ఆటగాడొకడు ప్యాంటు ఎత్తి చీలమండ మీద మచ్చ చూపించాడు.

"మీయన్న పట్టు అయ్యా ఇది. పట్టినాక తనే లేపుతాండె. 'నొచ్చిందా అప్పా?' అని అడుగుతాండె. మీరు యాడుంటిరి?"

బైబిల్లో అన్న మడమ పట్టుకుని పుట్టిన యాకోబు మీద ఎన్ని ప్రసంగాలు చేశానో! నీ వెంట ఒక్కసారీ రాలేదు.

బరిలో అందరూ తలలు వంచారు. 'తండ్రీ' అనబోయి, "అన్నా, క్షమించు" అన్నాను.

వాళ్లంతా ఆమెన్ అన్నారు.