ముప్పై రెండో స్తంభం

బటాంగ్ బెర్జుంటై,
ఆగస్టు 10, 2025.

చిరంజీవి తమ్ముడు ఉదయ్‌కి,

అక్క శాంతాదేవి దీవెనలు. నేనూ, మా సుమతీ వేళకు తింటున్నాం, పడుకుంటున్నాం, అంతవరకూ క్షేమమే. నువ్వూ, మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పైడయ్య మలుపు దగ్గర లారీ గుద్ది మీ బావ పోయి నలభై రోజులైంది. పెద్దకర్మ రోజున నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "ఏటక్కా, కౌలాలంపూర్‌లో అన్నేసి బళ్ల మధ్య నేను బతికే ఉన్నాను కదా. ఈ తోటలో ఏటుంది? పిల్లని తీసుకుని వచ్చేయ్ లా" అని, మలాయి వాళ్లలా చివర 'లా' తగిలించి మరీ అన్నావు. అంబులెన్స్‌కి దారి సరిగ్గా చెప్పనివాడెవడో గానీ వాడి నోరు పడిపోవాలని కూడా తిట్టావు.

ఆస్పత్రి నర్సు సీతని అడిగాను. మీ దగ్గర బళ్లు గుద్దుకోవడం ఎక్కువేనట. కానీ జామ్‌లో పాకే బండి తగిలితే బంపరు పోతుంది, అంతే. ఇక్కడ పామాయిల్ గెలల లారీ ఖాళీ రోడ్డు కదా అని తొంభైలో వస్తుంది, మధ్యలో డివైడరూ ఉండదు. పడినవాడి దగ్గరికి సాయం చేరడానికి గంట. "బావని దెబ్బ కాదక్కా, ఆలీసం తీసుకుపోనాది" అంది సీత.

అందుకే నేను రాను. నేనొచ్చేసినా ఆ మలుపు ఇక్కడే ఉంటుంది, రోజూ దాని మీదుగా పనికెళ్లే జనమూ ఉంటారు. మన తోట రోడ్డు మీద కరెంటు స్తంభాలు అరవై. గడ్డి ఎంత పెరిగినా కనబడేలా ఒక్కోదాని మీద ఎత్తుగా ఒక అంకె రాస్తున్నాను. అనుమతి కోసం మేనేజరుని మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడగకుండా ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని బయల్దేరాను. ఏ అంకె ఎక్కడుందో పటం గీసి అంబులెన్స్ వాళ్లకిస్తే గోడకి అంటించుకున్నారు. ముప్పై ఒకటి దాకా అయింది.

వచ్చే ఆదివారం రా. నన్ను తీసుకెళ్లడానికి కాదు, నిచ్చెన పట్టుకోవడానికి.

ఇట్లు,
నీ మొండి అక్క,
శాంత

తా.క.: నువ్వు తిట్టింది నన్నేరా. ఫోన్ చేసింది నేనే. ఎక్కడని అడిగితే పైడయ్య మలుపు అన్నాను. మళ్లీ అడిగితే కోపంగా అదే అన్నాను. మన తాతలనాడు పైడయ్య రబ్బరు పాల బకెట్లతో అక్కడ జారిపడ్డాడని మన ఇళ్లలో తప్ప ఎవరికి తెలుసు? ఆ పేరు ఏ పటంలోనూ లేదు. బండి నలభై నిమిషాలు తోటంతా తిరిగింది. ఆ మలుపులోదే ముప్పై రెండో స్తంభం. ఒక్కదాన్నే దాని దగ్గరికి వెళ్లలేకపోతున్నాను.