సుక్రి రాయబోయే పరీక్ష

గురువారం, రాత్రి

రాయకుండా పడుకుందామనుకున్నాను. కోపం పడుకోనివ్వలేదు.

మనవరాలు సుక్రి నెట్‌వర్క్ అడ్మిన్ కావాలంటోంది. ముందు ఏ సర్టిఫికెట్ చేయాలో అడుగుదామని పాడేరులో ఒక కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లాం. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు దాని మార్కులు చూడలేదు, ఊరి పేరు అడిగాడు.

"ఏజెన్సీ పిల్లలకి రౌటర్లూ స్విచ్‌లూ కష్టం తాతా. డేటా ఎంట్రీ సర్టిఫికెట్ చాలు."

నేను "సరే బాబూ" అన్నాను. ఎవరూ నేర్పకుండానే పాడైన రేడియోలు విప్పి విప్పి రిపేరు నేర్చుకున్నవాణ్ని నేను. ముంచింగిపుట్టు సంతలో నా కొట్టు ముందు వరస కట్టేవారు, అదంతా వేరే కథ. మెడలో కార్డు కనబడితే చాలు, మా కొండల్లో తల దానంతటదే ఊగుతుంది. వాడి మీద కంటే ఆ తల మీదే నాకు ఎక్కువ మంట.

బస్సులో సుక్రి దులిపేసింది. "ఏటి తాతా, ఆడు సెప్పిందానికల్లా తలూపేత్తావు? మన ఊరి సచివాలయంలో నెట్ ఆగిపోతే బాగుసేసింది నేనే కదా."

"ఆ బాబు సదువుకున్నోడే."

"మరి డిగ్రీ నేను సదివినానా, మన మేకలు సదివినాయా?"

అది చెప్పిందీ నిజమే. కానీ సుక్రి పరీక్ష తప్పితే ఆ కుర్రాడి మాటే నిజమైపోదూ...

ఇంటికొచ్చి నెట్‌వర్కింగ్ పరీక్షకే ఫారం నింపింది. కింద పెద్దల గడిలో నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను.