స్టాక్టన్ కోర్టుకి ఫెడరల్ పుస్తకం

సోమవారం, ఉదయం 6:00
అన్యాయం చేసినవాడు మా బిల్డింగ్ యజమాని గెరాల్డ్ విట్‌కోంబ్. హీటర్ పనిచేయడం లేదని నగర కార్యాలయానికి ఫిర్యాదు చేసిన పాపానికి, మా ఎదురు ఫ్లాట్ లవోన్ మామ్మని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆమెకి డెబ్బై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఉంటున్న ఇల్లు. శుక్రవారం విచారణ. ఫిర్యాదు చేసిందన్న కక్షతోనే పంపిస్తున్నాడని తేలితే మామ్మ ఇల్లు మామ్మకే ఉంటుంది.

సాక్షిని నేనే! రిపేర్లు చేసే వెండెల్ నాతోనే అన్నాడు: "మామ్మ ఫిర్యాదు చేసిందని యజమానికి ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా పంపించేస్తానంటున్నాడు."

తీర్మానం: రోజూ ఆరింటికి లేవాలి. ఐదేసి సాక్ష్య నియమాలు బట్టీ పట్టాలి. శుక్రవారం దాకా ఎవరిమీదా అరవకూడదు.

పుస్తకం: ఫెడరల్ సాక్ష్య నియమాలు. కార్మిక సంఘం హాలు బయట బల్లమీద దొరికింది. దేశమంతటికీ పైన ఉన్న చట్టం. దాని ముందు రాష్ట్రం ఎంత!

మంగళవారం, 6:20
ఇరవై నిమిషాలే ఆలస్యం. 801వ నియమం దొరికింది! పనివాడు తన పని గురించి అన్న మాట యజమాని మెడకి చుట్టుకుంటుందట. విట్‌కోంబ్ పని అయిపోయింది! మామ్మకి చదివి వినిపించాను.

"నాకు నంబర్లెందుకు నాయనా, నా తాళంచెవి నా దగ్గరుంటే చాలు" అంది.

ఐదుకి బదులు ఒక్క నియమమే. అయినా ఐదింటి పెట్టు.

బుధవారం, 7:45
నిద్ర పట్టేసింది. పోరాడేవాళ్లకి విశ్రాంతి అవసరమని ఏదో కరపత్రంలో చదివాను.

మధ్యాహ్నం ఉచిత న్యాయ సహాయ కేంద్రం. మామ్మ లాయరు ఇమోజెన్ పాక్ ముందు 801 గడగడా అప్పజెప్పాను.

"బాగుందయ్యా నెస్టర్. ఇంతకీ మన కేసు ఫెడరల్ కోర్టులోనా?"

"...కాదు."

"మరి మన కాలిఫోర్నియా రాష్ట్రానికి సొంత సాక్ష్య చట్టం ఉంది కదా! ఇక్కడ యజమాని తరఫున మాట్లాడే అధికారం ఉన్నవాడు అన్న మాటకే లెక్క. కుళాయిలు బిగించేవాడికి ఆ అధికారం ఎవరిచ్చారు?"

"ఇది దోపిడీదారుల చట్టం!"

వరసలో కూర్చున్నవాళ్లంతా తిరిగి చూశారు. (దీన్ని అరుపు అనరు. చట్టం మీద కదా, మనిషి మీద కాదు.)

గురువారం
లేవలేదు. చదవలేదు.

10:15, డోనట్ల కొట్టు. వెండెల్ కనబడ్డాడు. మర్యాదగానే మొదలుపెట్టాను.

"రేపు కోర్టుకొచ్చి ఆ మాటే చెప్పు."

"ఏ మాట? నేనేమీ అనలేదే."

"అబద్ధాలకోరు! యజమాని తొత్తా!"

"మెల్లగా అరుచుకో బాబూ, నా డోనట్ మీద పంచదార లేచిపోతోంది."

కొట్టువాడు నన్ను బయటికి పంపేశాడు. తీర్మానం సమాప్తం. మామ్మ ఇల్లు పోగొట్టింది నేనే.

11:00. లాయరుకి ఫోన్. ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ నవ్వింది!

"వెండెల్‌కి సమన్లు ఎప్పుడో అందాయి. రేపు బోనెక్కి కూడా 'అనలేదు' అంటాడంటావా?"

"ఖాయంగా."

"అననీ. అప్పుడు నిన్ను పిలుస్తాను. సాక్షి బోనులో మాట మారిస్తే, మొదట అన్నదే నిజమని జడ్జి ఇక్కడ నమ్మొచ్చు. నీ ఫెడరల్ పుస్తకం ప్రకారం అయితే, ఆ మొదటి మాట కూడా ప్రమాణం చేసి చెప్పింది కావాలి. ప్రమాణం చేసి ఎవడు కబుర్లు చెబుతాడు?"

"మన రాష్ట్ర చట్టం ఎంత గొప్పదండీ!"

"నిన్న దోపిడీదారులదన్నావుగా? సరేగానీ, అతని మాటకి ఎదురుగా ఉన్నది నీ మాటొక్కటే. బోనులో నువ్వు అరిచావంటే జడ్జి నిన్ను నమ్మడు. మామ్మ సామాను సర్దుకోవాల్సిందే."

సాయంత్రం 5:00
కొత్త తీర్మానం. రేపు ఆరింటికి లేస్తాను. కాలిఫోర్నియా సాక్ష్య చట్టం, మొదటి సెక్షన్ నుంచీ. అరవను.

బిల్డింగ్ తలుపుకి అంటించిన కాగితం నకలు:

"అందరూ రేపు ఉదయం ఎనిమిదింటికి కోర్టు మెట్ల దగ్గరికి రండి. లోపల నాకు కనబడేలా ముందు వరసలో కూర్చోండి. నా గొంతు లేస్తే, అందరూ ఒక్కసారి గట్టిగా దగ్గండి."